వెండి చెయ్యి, గంగ నీళ్ళు

కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తే నాకిప్పటికీ గుండె ఝల్లుమంటుంది. దోహాలో ఉన్నన్నాళ్ళూ కొత్త నంబరంటే క్యాంపు నుంచో, ఆసుపత్రి నుంచో, పోలీస్ స్టేషన్ నుంచో అని అలవాటైపోయింది. నరసాపురం వచ్చేసి, ఇంటి అరుగు మీద కుట్టుమిషన్ పెట్టుకుని, వీధిలోవాళ్ళ జాకెట్లు కుట్టుకుంటూ కూర్చున్నా ఆ జబ్బు వదల్లేదు. మొన్న అలాగే మోగింది. మిషన్ ఆపి, గబగబా ఒక ప్రార్థన చెప్పుకుని ఎత్తాను.

“అక్కా, దోహాల మ్యూజియంల పనిజేసిన అక్కవేనా నువ్వు? నేను ధర్మపురి కాడికెల్లి మాట్లాడుతున్న. మా బాపు పోయిండక్కా.”

ఎవరి బాపు అని అడగలేదు. ధర్మపురి వైపు నాకు తెలిసిన మనిషి ఒక్కడే.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయన ఊరుకోడు. పేరు పెట్టి పిలిస్తే యముడికి అడ్రసు దొరికిపోతుందని ఆయన భయం. పొద్దున హాజరు పిలిచేటప్పుడు సూపర్‌వైజర్ నోట్లో పేరు సగంలో ఉండగానే “ఉన్న, ఉన్న” అని అరిచేసేవాడు. నేను బాబాయ్ అనేదాన్ని. నన్ను బిడ్డా అనేవాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, బక్కగా, మెడ కొంచెం ముందుకు వంచి, ఎవరో వెనక నుంచి ఒక్కటేస్తారేమో అన్నట్టు నడిచేవాడు.

అది ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కి దోహా సింగారించుకుంటున్న కాలం. ఎటు చూసినా క్రేన్లు, జెండాలు, బంతి బొమ్మలు. అల్ అజీజియాలో ఒక పాత విల్లా ఉండేది. దాని యజమాని యూరప్ దేశాల్లో ఏళ్ళ తరబడి కొన్న పాత క్రైస్తవ బొమ్మలన్నీ అందులో పెట్టించి, కప్పు చూడటానికి వచ్చే తన అతిథులకు చూపించాలని ముచ్చటపడ్డాడు. ఐదారు వందల ఏళ్ళ నాటి చెక్క మనుషులు, బంగారు పూతల పటాలు, వెండి సామాను. చిన్న మ్యూజియం, నాలుగే గదులు. నేను అల్ మన్సూరాలో నలుగురు ఆడవాళ్ళతో ఒక గదిలో ఉంటూ, ముషైరిబ్‌లో రైలు మారి అక్కడికి శుభ్రం చేసే పనికి వెళ్ళేదాన్ని. బాబాయ్ క్యాంపు నుంచి కంపెనీ బస్సులో వచ్చేవాడు. ఆ బస్సు సముద్రం పక్క రోడ్డు ఎక్కితే చాలు కళ్ళు గట్టిగా మూసుకునేవాడట. “గన్ని నీళ్ళుండి ఒక్క గుక్క తాగొస్తదా? అసుంటి నీళ్ళను నమ్మద్దు బిడ్డా.” ఆయనకు సముద్రమంటే అంత భయం.

మొదటిరోజు టిఫిన్ గదిలో పరిచయం కాగానే ఆయన చేసిన పని నాకు చెమటలు పట్టించింది. సంచిలోంచి అరచేతిలో ఇమిడే సీసా ఒకటి తీసి నా కళ్ళముందు ఆడించాడు.

“సూసినవా? గంగ. నేను ఏడన్న పడితే గిది నా నోట్లె పొయ్యాలె. అంబులెన్సుకు తర్వాత ఫోన్ జెయ్యి. ముందుగాల గిది పొయ్యి.”

“అదేం మాటండీ, అన్నం తినే వేళ!” అన్నాను. తర్వాత ఉండబట్టలేక అడిగాను. “కాశీ నుంచి తెచ్చారా?”

“కాశీ ఏంది? మా ధర్మపురిదే. మా ఇంటి ముంగటి గోదారి.”

వాళ్ళ వైపు గోదావరినే గంగ అంటారని అప్పుడు తెలిసింది. మాది నరసాపురమనీ, ఆ గోదావరి మా దగ్గరే సముద్రంలో కలుస్తుందనీ చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. “అట్లనా! అంటే మేం తానాలు జేసి ఇడిసిన నీళ్ళే మీరు తాగుతున్నరన్నట్టు” అని పకపకా నవ్వాడు. ఒళ్ళు మండింది. కానీ ఆ రోజు నుంచి మా ఇద్దరికీ చుట్టరికం కలిసిపోయింది.

ఆ సీసా వెనక సంగతి కొన్నాళ్ళకు చెప్పాడు. మ్యూజియానికి రాకముందు ఎండలో, సైటు మీద పనిచేశాడు. ఒక మధ్యాహ్నం పక్కన పనిచేస్తున్నవాడు తల తిరుగుతోందంటూ గోడకు చేరగిలబడ్డాడు. ఈయన నీళ్ళ కోసం పరుగెత్తి వెనక్కి వచ్చేసరికి అంతా అయిపోయింది. “నోట్లె సుక్క పడలే బిడ్డా. పెట్టెల పెట్టి పంపిన్రు. మనిషి సస్తడు, అది సరే. నోట్లె సుక్క పడాలె, బొక్కలు గంగల కలవాలె. గది గూడ లేకపోతే ఇగ ఏడ తిరుగుతడు వాడు?” బొక్కలంటే వాళ్ళ మాటలో ఎముకలు. ఆయనకు చావు కంటే, చచ్చాక ఎటూ కాకుండా ఉండిపోవడమంటే భయం. తర్వాత వచ్చిన ఊరి సెలవులో భార్య చేత ఆ సీసా నింపించుకుని తెచ్చుకున్నాడు. అది లేకుండా మ్యూజియం గుమ్మం దాటడం నేను చూడలేదు.

అలాంటి మనిషిని తీసుకొచ్చి ఆ నాలుగు గదుల్లో పడేశారు. ఒంటినిండా బాణాలు గుచ్చుకున్నాయన ఒకడు. పళ్ళెంలో తన కళ్ళు తానే పెట్టుకుని నిలబడ్డ ఆవిడ ఒకతె. ఇంకో పళ్ళెంలో తెగిన తల. సిలువ మీద నెత్తురోడుతున్న ప్రభువు ఇద్దరు ముగ్గురు. బాబాయ్ గది బయటే సేఫ్టీ బూట్లు విప్పేసేవాడు. దానికి రోజూ తిట్లు. లోపలికి వెళ్ళబోతూ ఒకసారి దగ్గేవాడు, లోపల ఉన్నవాళ్ళు సర్దుకుంటారన్నట్టు. పని అయ్యాక వాళ్ళకు వీపు చూపకుండా, గర్భగుడిలోంచి వచ్చినట్టు వెనక్కి వెనక్కి నడిచి వచ్చేవాడు. అలా వస్తూ నా బకెట్‌ను ఎన్నిసార్లు తన్నేశాడో!

వాళ్ళందరూ నా బంధువులని ఆయన గట్టి నమ్మకం. నేను క్రైస్తవురాలిని కదా మరి. మా చర్చిలో ఒక ఉత్త చెక్క సిలువ తప్ప బొమ్మ అనేదే ఉండదని ఎంత చెప్పినా వినేవాడు కాదు.

“ఈయనను ఎవలు బాణాలతోని కొట్టిన్రు?”

“నాకేం తెలుసు బాబాయ్?”

“మీ ఇంటి మనిషే గదా, ఎరుకలేదా?” గొంతు తగ్గించి అడిగాడు. “మీ దేవుండ్లల్ల ఒక్కరికన్న మంచి సావు రాలేదా బిడ్డా?”

నవ్వుదామనుకున్నాను. చుట్టూ చూస్తే నవ్వు రాలేదు. అంతవరకూ నేను వాటిని దుమ్ము తుడవాల్సిన సామానుగానే చూశాను. ఆ తర్వాత ఒంటరిగా ఆ గదుల్లోకి వెళ్ళాల్సివస్తే ముందు లైట్లన్నీ వేసుకునేదాన్ని.

అన్నిటికంటే ఆయన్ని పట్టుకుంది నాలుగో గదిలోని వెండి చెయ్యి. మోచేతి దాకా నిలువుగా పైకెత్తి, రెండు వేళ్ళు చాచి ఉంటుంది. మణికట్టు కింద చిన్న అద్దం. బొమ్మలను చూసుకోవడానికి ఇటలీ నుంచి వచ్చిన మేడమ్ ఒకరు ఉండేవారు. ఆ అద్దం లోపల ఉన్నది ఒక పుణ్యపురుషుడి ఎముక అని ఆవిడ చెప్పగా, ఆ మాట నేను నోరు జారి బాబాయ్‌తో అన్నాను. ఆయన చేతిలో గుడ్డ జారిపోయింది.

“నిజమైన బొక్కనా? మనిషిదా?”

“అవునట.”

“ఎన్నేండ్లయిందట పోయి?”

“చాలా వందల ఏళ్ళట.”

“గన్నేండ్ల సంది నీళ్ళల్ల కలపకుండ గీ డబ్బల పెట్టిన్రా?” ఆయన గొంతు ఏడుపుకు వచ్చింది. “చెయ్యెత్తి అడుగుతుండు సూడు.”

నాకు అది దీవిస్తున్న చెయ్యిలా కనిపించేది అంతవరకూ. మరి ఆ మాట విన్నాక నేనూ దాన్ని వేరేలా చూడలేకపోయాను.

బాబాయ్ రెండు రోజులు తిండి సరిగ్గా తినలేదు. మూడోరోజు టిఫిన్ గదిలో మెల్లగా అడిగాడు. “గంగకు ఆయనను తీస్కపోలేం. గంగనే ఆయన కాడికి తెస్తే తప్పయితదా? మీ పెద్దమనిషి గావట్టి అడుగుతున్న.” నేను ఏదో లోకంలో ఉండి, “నీళ్ళిస్తే తప్పేముంది బాబాయ్, దాహం ఎవరికైనా దాహమే” అనేశాను. ఏదో మాటవరసకు అడుగుతున్నాడనుకున్నాను. అంతే, అక్కడితో మరిచిపోయాను.

ఆ చెయ్యి ఉన్న గాజుపెట్టె కింద ఒక సొరుగు ఉంటుంది. అందులో తేమను పీల్చే గింజల ట్రేలు పెడతారు. పెట్టెలో తేమ పెరిగితే వెండి నల్లబడుతుంది, లోపలి ఎముక పాడవుతుంది. వారం వారం ఆ ట్రేలు మార్చడం బాబాయ్ పని. పెట్టెలో చిన్న మీటరొకటి తేమ ఎంతుందో చూపిస్తూ ఉంటుంది. ఆ మీటరు పెరగడం మొదలుపెట్టింది. మేడమ్ గింజలు మార్పించింది. తగ్గినట్టే తగ్గి, మళ్ళీ పెరిగింది. గాజు అంచులు చూసింది, ఏసీ వాళ్ళను పిలిపించింది. ఏమీ తేలలేదు. మేనేజర్‌కి అనుమానం వచ్చింది. ఎవడో కావాలనే చేస్తున్నాడు, నాలుగో గదికి తాళం వేయండి, మధ్యాహ్నం తినొచ్చాక అంతా విప్పి చూద్దాం, దొరికితే పోలీసులకే అప్పజెప్తాను అని అందరి ముందూ అరిచాడు.

నేను టిఫిన్ విప్పుతున్నాను. బాబాయ్ వచ్చి నా ఎదురుగా నేల మీద కూలబడ్డాడు.

“బిడ్డా, సొరుగుల నీళ్ళు నేనే పెట్టిన.”

టిఫిన్ మూత మళ్ళీ పెట్టేశాను. చట్నీకి తెచ్చుకునే బుల్లి స్టీలు గిన్నె ట్రేల వెనక పెట్టి, అందులో గంగ నీళ్ళు పోశాడట. ఆరిపోయినప్పుడల్లా మళ్ళీ పోశాడట. సంచిలోంచి సీసా తీసి చూపించాడు. ఖాళీ. చచ్చేటప్పుడు తన నోట్లో పోయాల్సిన నీళ్ళన్నీ, ఏ దేశంవాడో తెలియని ఆ ఎముకకు పోసేశాడు.

“బాబాయ్, ఎంత పని చేశావు!” అన్నాను. ముస్లింల దేశం. క్రైస్తవుల ఎముక. దానికి హిందువు గంగ నీళ్ళు. ఈ మూడింటినీ కలిపి పోలీసులకు నేను ఏ భాషలో చెప్పను? ఏం చెప్పినా క్షుద్రపూజ అనుకోరా? జైల్లో వేస్తే ఈ మనిషి ఒక్క రాత్రి బతకడు. బతక్కపోతే ఆయన ఎముకలు కూడా ఇక్కడే. ఆయన కూడా అదే ఆలోచిస్తున్నాడని ముఖం చూస్తే తెలిసిపోతోంది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. పైగా తప్పేముంది అన్నది నేనే కదా! నన్నూ పట్టుకోరా?

తాళం తీశారు. కెమెరాలు ఇంకా బిగించలేదు, వైర్లు గోడకు వేలాడుతున్నాయి. అదొక్కటే మా అదృష్టం. మేడమ్ గాజుపెట్టె ముందు నిలబడింది. మేనేజర్ గుమ్మంలో ఫోన్ మాట్లాడుతున్నాడు. నేను ట్రేలు అందుకోవడానికి గుడ్డ పట్టుకుని నిలబడ్డాను. “యల్లా, యల్లా” అని తొందరపెట్టాడు మేనేజర్. బాబాయ్ బూట్లు విప్పి, దగ్గి, లోపలికి వచ్చాడు. ఆ సమయంలో కూడా దగ్గడం మానలేదు. మోకాళ్ళ మీద కూర్చుని సొరుగు లాగాడు. ఒక ట్రే తీసి నాకిచ్చాడు. రెండోది ఇచ్చాడు. ట్రే మీద గింజలు గలగలలాడుతున్నాయి. సొరుగు లోపల మూలన స్టీలు గిన్నె మెరిసింది. మేడమ్ వంగబోతూ, ఎందుకో ఆగి, తల పైకెత్తి మీటరు వైపు చూసింది.

ఆ ఒక్క క్షణంలో బాబాయ్ గిన్నె తీసి, అందులో ఉన్నది గటుక్కున తాగేసి, గిన్నెను జేబులో వేసుకున్నాడు.

మేనేజర్ ఫోన్ దించాడు. “ఏం తాగుతున్నాడు వాడు?”

“బీపీ టాబ్లెట్ సార్” అన్నాను. అది నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి.

“ఇక్కడ నీళ్ళు తాగకూడదని తెలియదా? ఇది మ్యూజియం!”

“సారీ సార్. చెప్తాను సార్.”

మేడమ్ టార్చి వేసి సొరుగంతా చూసింది. ఏమీ లేదు. కొత్త ట్రేలు పెట్టించింది. సాయంత్రానికి మీటరు దిగింది, ఇక ఎక్కలేదు. గింజలే పాత సరుకు అయ్యుంటాయని తేల్చారు. మేనేజర్ “ఖలాస్” అని చేతులు దులుపుకున్నాడు.

బాబాయ్‌కి మాత్రం ఖలాస్ కాలేదు. టిఫిన్ గదిలో గోడకు ఆనుకుని, కాళ్ళు చాపి, కళ్ళు మూసుకున్నాడు. “నా సావు నీళ్ళు నేనే తాగిన బిడ్డా. బతికుండంగనే తాగిన. ఇగ పోతున్న.” నాకూ నిజంగానే భయం వేసింది. మనిషి అలాగే ఉన్నాడు మరి, రంగు లేకుండా, చల్లగా. చెయ్యి పట్టుకుని మా ప్రార్థన నేను చేస్తూ కూర్చున్నాను. ప్రభువా, ఈయన్ని ఇక్కడ మాత్రం తీసుకెళ్ళకు, ఇంటికి వెళ్ళనియ్యి అని. టీ పెట్టి ఇస్తే వద్దన్నాడు. ఆ నీళ్ళు తాగాక ఇంకేదీ తాగకూడదట. చాలాసేపటికి ఒక కన్ను తెరిచాడు.

“చెక్కర ఏసినవా?”

“వేశాను.”

“తే మరి.”

టీ తాగాడు గానీ, ఆ తర్వాత ఆయన భయం రెట్టింపయింది. ఖాళీ సీసాను సంచిలోనే పెట్టుకుని తిరిగేవాడు. మెట్లు దిగడానికి కూడా నన్ను పక్కన ఉండమనేవాడు. ఇంతకుముందు పడితే నోట్లో పోయడానికి ఏదో ఒకటి ఉండేది, ఇప్పుడది కూడా లేదు. తనకు సెలవు ఇప్పట్లో లేదు. నాకు సెలవు వచ్చింది. వెళ్ళేముందు ఆ సీసా నా చేతిలో పెట్టాడు.

మా ఊరి రేవులో నీళ్ళు నింపాను. ఎవరూ చూడకుండా నింపాను, మా పాస్టరమ్మగారి ఇల్లు రేవు పక్కనే మరి. దాన్ని చీరల మధ్య చుట్టి తెచ్చుకుంటూ, దోహా ఎయిర్‌పోర్టులో పెట్టెలు స్కాన్ చేస్తుంటే చచ్చి బతికాను. మర్నాడు సీసా ఇస్తే, ఆయన మూత తీసి ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు.

“ఉప్పగున్నది?”

“మాది సముద్రం పక్క కదా బాబాయ్. పోటు వస్తే ఉప్పదనం ఎక్కుతుంది.” పనికిరావంటాడేమోనని నాకు బెంగ.

ఆయన మూత బిగించి, సీసాను కళ్ళకు అద్దుకున్నాడు. “మా కాడికెల్లి మీ దాక గంత దూరం నడిసొచ్చింది. చెమట పట్టదా?”

కప్పు మొదలవడానికి ముందే చాలామందిని ఇళ్ళకు పంపేశారు. బాబాయ్ కూడా ఆ గుంపులోనే వెళ్ళిపోయాడు. ఆఖరి రోజు నాలుగో గదికి వెళ్ళి వెండి చెయ్యికి దండం పెట్టి, వెనక్కి నడుచుకుంటూ వచ్చాడు. ఈసారి బకెట్ నేనే పక్కకు జరిపాను. “ఆయనకు కొంతన్న పోసిన. సాలు” అన్నాడు. నా ఇంటి నంబరు రాసిచ్చిన చీటీ జేబులో పెట్టుకుని, నా తల మీద చెయ్యి వేసి నిమిరాడు. తర్వాత ఆయన గొంతు కూడా వినలేదు. ఫోన్లంటే ఆయనకు భయం.

ఇన్నేళ్ళకు మొన్న ఆ పిల్ల ఫోన్. జబ్బుపడి, ఇంట్లోనే, అందరి మధ్యా పోయాడట. “పానం పొయ్యే ముందు మా అన్న గంగకు పోయి చెంబుల నీళ్ళు తెచ్చిండక్కా. వద్దన్నడు. పెట్టెల సీస ఉన్నది, గదే తెమ్మన్నడు. ఇంటి ముంగట గంగ ఉండంగ గా ఉప్పు నీళ్ళెందుకు బాపూ అని లొల్లి బెట్టిన గూడ. ఇనలే. గవ్వే పోసినం.”

నేను ఫోన్ పట్టుకుని ఏడ్చేశాను. ఏడుపు ఆగేదాకా ఆ పిల్ల ఓపిగ్గా ఉంది.

“నిన్న బొక్కలు గంగల కలిపినం. కలిపినంక నీకు ఫోన్ జెయ్యుమన్నడు. మా బాపుకు సముద్రమంటే శాన బుగులక్కా. నీ ఊరి కాడ గంగ సముద్రంల కలుస్తదట గదా? ఆడికి వచ్చేటాల్లకు తెలిసినోళ్ళు ఒక్కలన్న ఉండాలె, అక్కను రేవు కాడికి రమ్మని చెప్పుమన్నడు. నువ్వు పోతవా?”

పోతానన్నాను.

ఆ సాయంత్రమే వెళ్ళాను. చెప్పులు పైమెట్టు మీద విప్పి, ఒకసారి దగ్గి, దిగాను. మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి, “బాబాయ్, నేనే, ఇక్కడే ఉన్నాను” అన్నాను. పాస్టరమ్మగారు గోడ మీదుగా చూస్తున్నారు. చూస్తే చూడనీ. తిరిగి వచ్చేటప్పుడు నదికి వీపు చూపలేదు. పాచి పట్టిన మెట్లు, పడితే నడుం విరుగుతుంది. అయినా వెనక్కి వెనక్కే ఎక్కాను.

ధర్మపురి నుంచి మా రేవుకు రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలియదు. దారిలో ఎన్ని ఆనకట్టలో, ఎక్కడెక్కడ ఆగుతాడో. అందుకని రోజూ వెళ్తున్నాను. ఒక్కరోజు మానేస్తే, ఆ రోజే వస్తాడేమోనని భయం.